నడుం నొప్పి: వంగాలంటే భయం. భయపడే పనులనే మెట్టుమెట్టుగా చేయించడం ఎలా?

ఏలూరు_తమ్ముడు:

అందరికీ నమస్కారం. మా అక్క గురించి అడుగుతున్నాను. వయసు 43. నడుం నొప్పి మూడేళ్ళుగా ఉంది. ఎమ్మారైలో నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 పూసల దగ్గర డిస్కు బల్జ్ (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు బయటికి ఉబ్బడం), ఎల్5-ఎస్1 దగ్గర డిస్కు అరుగుదల అని రాశారు. ఆర్థోపెడిక్ డాక్టరు, న్యూరోసర్జన్ ఇద్దరూ చూశారు. నరం మీద చెప్పుకోదగ్గ ఒత్తిడి లేదు, కాళ్ళలో బలం మామూలుగానే ఉంది, ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు. మూత్రం, విరేచనం ఇబ్బంది లేదు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. డీ విటమిన్ తక్కువుంటే వాడి సరిచేశారు, నొప్పిలో తేడా రాలేదు.

నొప్పి ఒక తీరున ఉండదు. ఓ వారం కుడిపక్క, ఓ వారం ఎడమపక్క. పెళ్ళిలో నాలుగు గంటలు నిలబడితే ఏమీ కాదు, ఇంట్లో కింద పడ్డ చెంచా తీయాలంటే పట్టేస్తుంది. ఒక్కోసారి వంగకముందే పట్టేస్తుంది. "ముందుకు వంగొద్దు, కింద కూర్చోవద్దు, 5 కిలోలు మించి ఎత్తొద్దు" అని మొదట్లో రాసిచ్చిన కాగితం ఇంకా ఫ్రిజ్‌ మీద అతికించే ఉంది. నీళ్ళ బకెట్టు, ముగ్గు, పీట మీద కూర్చోవడం, స్కూటీ వెనక ఎక్కడం అన్నీ మానేసింది. పొద్దున పెట్టుకున్న నడుం బెల్టు రాత్రికి గానీ తీయదు.

ఫిజియోథెరపీలో కరెంటు పెట్టడం, కాపడం, చాప మీద వ్యాయామాలు అన్నీ అయ్యాయి. వ్యాయామాలు ఇప్పటికీ శ్రద్ధగా చేస్తుంది, బకెట్టు మాత్రం ముట్టుకోదు. భయపడే పనులనే చేయించి నొప్పిని దారికి తెచ్చే పద్ధతి ఒకటుందని తెలుసు. దేనితో మొదలుపెట్టాలి, ఎంత, ఎన్నిసార్లు, నొప్పి పెరిగితే ఏం చేయాలి? ఊరికే "ధైర్యం చెప్పండి" అనకుండా లెక్కగా చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

---

ఫిజియో_హనుమకొండ:

ఏలూరు తమ్ముడు గారూ, చూపించాల్సినవాళ్ళందరికీ ముందే చూపించారు కాబట్టి నేరుగా పనిలోకి దిగొచ్చు. కొన్ని లక్షణాలు మాత్రం మనసులో ఉంచుకోండి. పాదం పైకి లేవక నేలకి ఈడ్చుకుపోవడం, మడమల మీద నడవలేకపోవడం, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం. వీటిలో ఏది కొత్తగా కనిపించినా ఇదంతా పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

స్కాన్ సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే భయానికి వేరు అక్కడే ఉంది. 2015లో వచ్చిన ఒక సమీక్షలో నడుం నొప్పి లేనివాళ్ళు 3,110 మంది స్కాన్‌లు కలిపి చూశారు. 40 ఏళ్ళ వయసువాళ్ళలో 68 శాతం మందికి డిస్కు అరుగుదల, సగం మందికి డిస్కు బల్జ్ ఉన్నాయి. వాళ్ళెవరికీ నొప్పి లేదు. 43 ఏళ్ళ మనిషి రిపోర్టులో ఈ మాటలు కనిపించడం తల నెరవడం లాంటిదే. రిపోర్టు తప్పని కాదు, అందులో ఉన్నదంతా నొప్పికి కారణం కావాల్సిన పని లేదని.

మీరు చెప్పిన గుర్తులే చూడండి. నొప్పి పక్కలు మారుతోంది, నాలుగు గంటలు నిలబడితే రానిది చెంచాకి వస్తోంది, వంగకముందే పట్టేస్తోంది. దెబ్బతిన్న డిస్కు మామూలుగా ఇలా ప్రవర్తించదు. కాపాడే వ్యవస్థ అతిజాగ్రత్తకి పోయినప్పుడు ఇలా ఉంటుంది. వంగకముందు పట్టేయడానికి కండరాల లెక్క కూడా ఒకటుంది. మామూలు మనిషి ముందుకు పూర్తిగా వంగినప్పుడు చివర్లో వెన్ను పక్క కండరాలు పని ఆపేసి వదులవుతాయి. ఎక్కువకాలం నడుం నొప్పి ఉన్న చాలామందిలో అవి వదలవు, వంగినంతసేపూ బిగుసుకునే ఉంటాయి. బిగబట్టి వంగితే నొప్పి వస్తుంది, నొప్పి వచ్చిందని ఇంకా బిగబడతారు.

చాప మీద వ్యాయామాలు చేస్తూ బకెట్టు ముట్టుకోకపోవడంలో వింత లేదు. చాప మీద చేస్తే చాప మీద ఏమీ కాదని మాత్రమే మెదడు నేర్చుకుంటుంది. బకెట్టు గురించి నేర్చుకోవాలంటే బకెట్టే ఎత్తాలి.

ముందు జాబితా. ఫోన్ తీసుకుని మీ ఇంట్లోనే ఫోటోలు తీయండి: కింద పడ్డ చెంచా, చీపురు, వాషింగ్ మెషిన్‌లోంచి తడిబట్టలు తీయడం, బకెట్టు, పీట, బియ్యం డబ్బా, స్కూటీ, మంచం కింద పెట్టె. ఒక 15 చాలు. ఒక్కో ఫోటో చూపించి "ఇది చేస్తే నీ నడుముకి ఎంత హాని జరుగుతుందనుకుంటున్నావు?" అని అడిగి 0 నుంచి 100లో అంకె వేయించండి. "ఎంత నొప్పి వస్తుంది?" అని అడక్కండి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. మనం తగ్గించాల్సింది హాని మీద నమ్మకం. నొప్పి దాని వెనకాల తగ్గుతుంది, ఒక్కోసారి ఆలస్యంగా.

అంకెలు పడ్డాక 30–40 మధ్య ఉన్నదాంతో మొదలుపెట్టండి. 10 ఉన్నది చేస్తే నేర్చుకునేది ఏమీ ఉండదు, 90 ఉన్నదాన్ని మొదటిరోజే చేయిస్తే మళ్ళీ దగ్గరికి రాదు.

చెంచానే తీసుకుందాం. మొదట కుర్చీలో కూర్చుని కిందకి వంగి పాదాలు తాకడం. అది కుదిరాక నిలబడి కుర్చీ మీది చెంచా తీయడం, తర్వాత పీట మీదిది, ఆ తర్వాత నేలమీదిది. ఒక్కో మెట్టు విడతకి 5 సార్లు, రోజుకి రెండు మూడు విడతలు. హాని నమ్మకం 30 కిందకి వచ్చి రెండు రోజులు అక్కడే నిలిస్తే పై మెట్టుకి వెళ్ళండి.

ఆవిడ చెంచా తీసేటప్పుడు పక్కనుంచి చూడండి. ఊపిరి బిగబడుతుంది. ఒక చెయ్యి తొడ మీద ఆనుతుంది. నడుం కర్రలా నిలిపి మోకాళ్ళే వంచుతుంది, సగంలో ఒక క్షణం ఆగుతుంది, లేచాక నడుం తడుముకుంటుంది. ఈ చిన్న కాపుదలలన్నీ ఉన్నంతవరకు మెదడు "అలా జాగ్రత్తపడ్డాను కాబట్టే బతికిపోయాను" అని రాసుకుంటుంది. అందుకే పని చేయించడంతో సరిపోదు, వీటిని ఒక్కొక్కటిగా తీసేయాలి. మొదట ఊపిరి: వంగుతూ నోటితో గాలి వదలమనండి. తర్వాత తొడ మీద చెయ్యి. తర్వాత వెన్ను గుండ్రంగా వదిలి, తల కూడా వేలాడదీసి తీయమనండి. చిన్నపిల్లలు బొమ్మ తీసుకునేటట్టు. అప్పటిదాకా చెంచా మెట్టు పూర్తయినట్టు కాదు.

---

మనసు_మాట_వైజాగ్:

పైన చెప్పిన జాబితా పద్ధతికి మూలం నెదర్లాండ్స్‌లో ఉంది. మనస్తత్వవేత్త యోహాన్ వ్లాయెన్ బృందం రోజువారీ పనుల ఫోటోలతోనే అంచనా కట్టేది, ఇప్పుడు 40 ఫోటోల కంప్యూటర్ రూపం వాడుతున్నారు. వాళ్ళు 2001లో నలుగురు రోగులతో చేసిన పరిశీలనలో ఊరికే పని మోతాదు పెంచిన దశలో భయం పెద్దగా తగ్గలేదు, భయపడే పనిని ఎదురుగా చేయించిన దశలోనే తగ్గింది. నలుగురే కాబట్టి దాన్నే ప్రమాణం అనను, కానీ ఆ తేడా పనికొస్తుంది.

నేను చెప్పేది ముందే రాసుకునే ఒక్క వాక్యం గురించి. ప్రతి పనికీ ముందు ఒక నోటుబుక్కులో ఏం జరుగుతుందనుకుంటోందో అక్కగారి చేతే రాయించండి. ఆ వాక్యం నిజమో కాదో తర్వాత తేలిపోయేలా ఉండాలి.

"నొప్పి వస్తుంది" అని రాస్తే పనికిరాదు. నొప్పి ఎలాగూ కొంచెం వస్తుంది, దాంతో భయమే గెలిచినట్టవుతుంది. "బాగోదేమో" కూడా పనికిరాదు, అది ఎప్పటికీ తేలదు. ఇలా రాయాలి: "5 లీటర్ల నీళ్ళున్న బకెట్టు బెల్టు లేకుండా ఎత్తితే నడుంలో కలుక్కుమని, నిటారుగా లేవలేక ఎవరో వచ్చి పట్టుకోవాల్సి వస్తుంది. నమ్మకం 80." పని అయ్యాక దాని కిందే: "కలుక్కుమనలేదు. కొంచెం లాగింది. నేనే లేచాను. ఇప్పుడు నమ్మకం 55." ఈ 80కీ 55కీ మధ్య తేడాయే చికిత్స. ఎన్ని కిలోలు ఎత్తిందన్నది రెండో విషయం.

అంకె ఒక్కసారికి కదలకపోతే అక్కడే మళ్ళీ చేయించండి. "అదృష్టం బాగుండి ఏమీ కాలేదు" అందనుకోండి, "అయితే ఏం చేస్తే అది అదృష్టం కాదని నమ్ముతావు?" అని అడగండి. ఆవిడే చెబుతుంది: "సాయంత్రం అలిసిపోయినప్పుడు చేస్తే", "పక్కకి తిరిగి ఎత్తితే". అదే తరవాతి మెట్టు. జాబితా కన్నా ఇది నమ్మకమైన దారి.

హనుమకొండ ఫిజియో గారితో ఒక్క చోట తేడా. మెట్లు వరసగా ఎక్కాల్సిందేనని నేననుకోను. కొన్ని రోజులయ్యాక వరస చెదరగొట్టాలి. చెంచా, తర్వాత స్కూటీ, మళ్ళీ పీట. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, పుట్టింట్లో ఒకటి. ఒకే గదిలో, ఒకే వేళ, తమ్ముడు పక్కనుంటేనే నేర్చుకున్న ధైర్యం ఆ గదిలోనే ఉండిపోతుంది. మీరు పక్కన నిలబడటం కూడా ఒక బెల్టేనండీ. రెండు మూడు సార్ల తర్వాత ఇంకో గదిలోకి వెళ్ళిపోండి.

ఇంకో పొరపాటు: ముందు జాగ్రత్తకి నొప్పి మాత్ర వేసుకుని చేయడం. అప్పుడు ఏమీ కాకపోతే పేరు మాత్రకి పోతుంది. రోజూ డాక్టరు రాసినవి ఎప్పటిలాగే వాడాలి, ఆ పని కోసమని అదనంగా వేసుకోవద్దు.

భయం కొలవడానికి టాంపా స్కేల్ అనే ప్రశ్నావళి ఉంది. 17 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 4. మొత్తం 17 నుంచి 68 మధ్య వస్తుంది, 37 దాటితే భయం ఎక్కువున్నట్టు లెక్క. 4, 8, 12, 16 వాక్యాలకి అంకెలు తిరగేసి వేయాలి. ఇది మరిచిపోయి లెక్కగట్టేవాళ్ళే ఎక్కువ. మొదట ఒకసారి, నెలకోసారి చాలు. రోజూ కొలిస్తే కొలవడమే ఇంకో జబ్బవుతుంది.

---

లెక్కలడిగేటోడు:

అన్నా, పద్ధతి మంచిదే గని ఇంటర్నెట్ల ఇసుంటి పద్ధతుల గురించి చెప్పేటోళ్ళు 66 శాతం మందికి నొప్పి పోతదంటరు, ఆ అంకె ఏడికెల్లి వచ్చిందో తెలుసుకుని మొదలుపెట్టున్రి.

అది అమెరికాల కొలరాడోల చేసిన పరిశోధన, 2022ల జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికల వచ్చింది. మొత్తం 151 మంది. నొప్పిని ప్రమాదమని కాకుండ మెదడు చేసే తప్పు సంకేతమని చూడటం నేర్పిన గుంపుల 66 శాతం మందికి నొప్పి పూర్తిగనో దాదాపుగనో పోయింది. మందు లేని ఉప్పునీళ్ళ సూదే అని చెప్పి మరీ ఇచ్చిన గుంపుల 20 శాతం, ఎప్పటి వైద్యమే నడిచిన గుంపుల 10 శాతం. నాలుగు వారాలల్ల 8 సిట్టింగులు, అంతకుముందు డాక్టరుతోని వీడియోల ఒక సిట్టింగు. మంచి ఫలితమే. గని వాళ్ళు ఎక్కువ మంది బాగ చదువుకున్నోళ్ళు, అంతో ఇంతో తిరుగుతున్నోళ్ళు. మంచం పట్టినోళ్ళు కాదు. ఇంట్ల ఫోన్ల చూసి చేసుకుంటె గదే అంకె వస్తదని ఎవ్వరు చెప్పలేరు.

ఇంకోటి. 2008ల నెదర్లాండ్స్‌లనే 85 మందితోని రెండు పద్ధతులు పోల్చిన్రు: భయపడే పని చేయించుడు ఒకటి, మోతాదు మెల్లగ పెంచుడు ఒకటి. పనులు చేసుకునే శక్తిల రెండిటికి పెద్ద తేడ రాలె. హాని అయితదన్న నమ్మకం మాత్రం మొదటిదాంట్ల ఎక్కువ తగ్గింది. అంటె మీ అక్కకు భయం ఎక్కువ ఉంటె ఇది పనికొస్తది. భయం తక్కువుండి ఊకె అలసట, బలహీనత ఉంటె రోజు నడక పెంచినా సాలు.

నాకు మస్తు నచ్చింది ఆస్ట్రేలియాది. 2023ల లాన్సెట్ అనే వైద్య పత్రికల వచ్చింది, 492 మంది. ఫిజియోథెరపిస్టులే చేపిచ్చిన్రు, 12 వారాలల్ల ఏడు సిట్టింగులదాక, 26వ వారంల ఇంకొక్కటి. ఏడాది తర్వాత సుత ఫలితం నిలిచింది. దాంట్ల మనసు మాట, ఒళ్ళు పని వేరు వేరు చెయ్యలే. నొప్పి గురించి అర్థం చేపిచ్చుడు, భయపడే కదలికనే వదులుగ చేపిచ్చుడు, నిద్ర, తిరుగుడు అన్ని కలిపిన్రు.

న్యూయార్క్ డాక్టరు జాన్ సార్నో పేరు సుత మీకు తగులుతది. లోపల అణచిపెట్టిన కోపంతోని నొప్పి వస్తదని ఆయన సిద్ధాంతం. గా కోపం సంగతికి గట్టి రుజువు లేదు. పనులు మళ్ళ మొదలుపెట్టున్రి, ఒళ్ళు ఇరిగిపోయిందన్నట్టు బతకకున్రి అని ఆయన చెప్పిన ముక్క మాత్రం తర్వాతోళ్ళ పరిశోధనలకు దగ్గరగనే ఉన్నది. సిద్ధాంతం నమ్మకున్నా పని చెయ్యొచ్చు.

---

ఏలూరు_తమ్ముడు:

అందరికీ ధన్యవాదాలు. ఫోటోలు తీసి అంకెలు వేయించాను. చెంచా 35, తడిబట్టలు 50, పీట మీద కూర్చోవడం 60, సగం బకెట్టు 75, స్కూటీ 80, గ్యాస్ సిలిండర్ జరపడం 100. చెంచా మొదలైంది, పనిచేస్తోంది. కానీ తడిబట్టల మరుసటి రోజు పొద్దున నడుమంతా పట్టేసిందని మళ్ళీ బెల్టేసుకుని పడుకుంది. ఇప్పుడు ఆపాలా, కొనసాగించాలా? బెల్టు ఒక్కసారిగా తీసేయాలా? అమ్మ ఏమో "దాన్ని చంపుతావా" అని నా మీద పడుతోంది.

---

ఫిజియో_హనుమకొండ:

ఆపొద్దు, పెంచొద్దు.

మూడేళ్ళు వాడని కండరాన్ని వాడితే మరుసటి రోజు ఒళ్ళునొప్పులు వస్తాయి. ఇవి 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి వాటంతటవే తగ్గుతాయి. నడుముకి రెండు పక్కలా, పిరుదుల్లో, తొడల వెనక బరువుగా, నొక్కితే నొప్పిగా ఉంటే ఇదే. కాలులోకి కొత్తగా కరెంటులా పాకడం, పాదం బలం తగ్గడం అయితే వేరే సంగతి, డాక్టరుకి చూపించాలి. ఈ రెండూ కాకుండా పాత నొప్పే గట్టిగా తిరిగొచ్చినా కంగారు అక్కర్లేదు. ఈ దారిలో అది మామూలే, దానికి ముందే ఒక ప్రణాళిక రాసిపెట్టుకోవాలి.

ఆ ప్రణాళిక ఇంతే. పట్టేసిన రోజు పని మానొద్దు, సగం చేయాలి. 5 సార్లు బట్టలు తీసేది 2–3 సార్లు తీస్తుంది. గంటకోసారి లేచి ఇంట్లో 5 నిమిషాలు నడుస్తుంది. వేడినీళ్ళ స్నానం, కాపడం పెట్టుకోవచ్చు, పని అయ్యాక. పగలు మంచం మీద 20–30 నిమిషాలు మించి వద్దు. మరుసటి రోజు మళ్ళీ పాత అంకెకి. మూడో రోజుకి కూడా సర్దుకోకపోతే మెట్టు పెద్దదైందన్నమాట, మధ్యలో ఇంకో మెట్టు వేయండి. తడిబట్టలకి ముందు పొడిబట్టలు, దుప్పటికి ముందు తువ్వాలు.

నొప్పి వచ్చేదాకా చేసి ఆగడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. అలా చేస్తే ప్రతిసారీ పని నొప్పితోనే ముగుస్తుంది, మంచి రోజు పది పనులు, మర్నాడు మంచం. 1970లలో సియాటిల్‌లో విల్బర్ట్ ఫోర్డైస్ అనే మనస్తత్వవేత్త దీన్ని తిరగేశారు: ముందే అనుకున్న అంకె దగ్గర ఆగాలి, బాగున్నా సరే, బాగోకపోయినా సరే. నడక లెక్క కూడా అంతే. మూడు రోజులు హాయిగా ఎంతసేపు నడవగలిగిందో రాసి సగటు తీయండి, అందులో 80 శాతంతో మొదలుపెట్టి వారానికి పదో వంతు పెంచండి. సగటు 15 నిమిషాలైతే 12తో మొదలు.

బెల్టు ఒక్కసారిగా తీయొద్దు, గంటల లెక్కన తగ్గించండి. మొదట ఇంట్లో కూర్చున్నప్పుడు, టీవీ చూసేటప్పుడు తీసేయాలి, అక్కడ దాని పనే లేదు. తర్వాత వంటింట్లో, చివరికి బయటికి వెళ్ళేటప్పుడు. రెండు మూడు వారాల్లో పోతుంది. చెంచా, బట్టలు లాంటి మెట్లు మాత్రం మొదటి రోజు నుంచీ బెల్టు లేకుండానే. బ్యాగులో పెట్టుకుని తిరగడం కూడా వాడకం కిందే లెక్క, చివర్లో ఇంట్లో వదిలి వెళ్ళాలి.

సిలిండర్ ఈ జాబితాలోంచి తీసేయండి. గ్యాసే 14.2 కిలోలు, ఇనుము బరువు కలిపితే నిండు సిలిండర్ 30 కిలోలకి కాస్త అటూ ఇటూ. అది భయం పరీక్ష కాదు, బలం పరీక్ష. ఏ నొప్పీ లేనివాళ్ళు కూడా దాన్ని వాలుగా పట్టి దొర్లిస్తారు గానీ ఎత్తరు. ఆవిడ జాబితాలో 100గా ఖాళీ సిలిండర్‌ని దొర్లించడం పెట్టండి.

---

ఓటీ_కాకినాడ:

ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్ళీ చేసుకునేలా నేర్పే చికిత్స) వైపు నుంచి ఇంటి పనుల లెక్క చెబుతాను.

ముందు ఫ్రిజ్ మీద కాగితం తీసేయండి. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా "వంగొద్దు" అని చదువుతూ వంగడం నేర్చుకోలేరు. చూసే డాక్టరునో ఫిజియోనో అడిగి "వంగవచ్చు, కింద కూర్చోవచ్చు" అని వాళ్ళ చేతే రాయించుకుని అదే చోట అతికిస్తే ఇంకా మంచిది. పాతది ఏ చేతి రాతో కొత్తదీ అలాంటి చేతి రాతే అయితే ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చజెప్పడం తేలిక.

బకెట్టు. లీటరు నీళ్ళు ఒక కిలో, కాబట్టి తూకం అక్కర్లేదు. ఇంట్లో వాడే పెద్ద ప్లాస్టిక్ బకెట్టు నిండితే 16 నుంచి 20 కిలోలు, అది చివరి మెట్టు. ఖాళీ బకెట్టు, తర్వాత 2 లీటర్లు, 4, 6, 8. ప్రతి మెట్టులో మూడు పనులుంటాయి: నేలమీంచి ఎత్తడం, పది అడుగులు మోయడం, వంగి దించడం. దించడమే ఎక్కువ భయపెడుతుంది, చాలామంది అక్కడ బకెట్టుని దభీమని వదిలేస్తారు. నీళ్ళు చిందకుండా దించమనండి, అప్పుడు వెన్ను నెమ్మదిగా వంగక తప్పదు. 8 లీటర్లు దాటాక వారానికి ఒక లీటరు చాలు. అక్కడి నుంచి భయం కన్నా బలం సంగతే ఎక్కువ.

"మోకాళ్ళు వంచి, వెన్ను నిటారుగా ఉంచి ఎత్తాలి" అన్న నియమం గురించి ఎవరో ఒకరు ఎలాగూ అంటారు. నిటారుగా ఎత్తుతున్నామనుకున్నప్పుడు కూడా నడుం చాలావరకు వంగుతూనే ఉంటుంది. వెన్ను వంచి ఎత్తడం వల్లే నడుం నొప్పి వస్తుందనడానికి మంచి రుజువు దొరకలేదు. 2 లీటర్ల బకెట్టుకి ఏ భంగిమైనా పరవాలేదు. 15 కిలోలకి ఒంటికి దగ్గరగా పట్టుకోవడం మంచిది, దూరంగా పట్టుకుంటే శ్రమ ఎక్కువ కాబట్టి.

పీట. ముందు 8–10 అంగుళాల ఎత్తున్న చిన్న స్టూలు, తర్వాత నాలుగంగుళాల పీట, తర్వాత చాప. కూర్చునే సేపు 2 నిమిషాలతో మొదలుపెట్టి 15 దాకా. చెప్పాల్సింది లేవడం గురించి. గోడ పట్టుకుని లేవడం, ఎవరైనా చెయ్యందించడం, ఒక చెయ్యి నేలకి ఆనించి లేవడం, ఏమీ పట్టుకోకుండా లేవడం, ఇవి నాలుగు వేరు వేరు మెట్లు. నొప్పి నడుంలో కాక మోకాళ్ళలో ఉంటే అది ఇంకో లెక్క, దీనితో కలపొద్దు.

ముగ్గు ఒక్క పనిలోనే వంగడం, పక్కకి జరగడం, వంగి ఉండిపోవడం మూడూ ఉన్నాయి. ఐదు చుక్కలు ఐదు వరసల ముగ్గుతో మొదలుపెట్టండి. చుక్కలు పెట్టడం ఒక రోజు, గీతలు కలపడం ఇంకో రోజు. ముగ్గు సగంలో లేచి నడుం విరుచుకోవడం అందరూ చేసేదే, దాన్ని తప్పు పట్టొద్దు. ప్రతి చుక్కకీ లేస్తుంటే మాత్రం అది కాపుదల.

అమ్మగారి సంగతి. "నువ్వుండు, నేను తీస్తా" అన్న మాటలో ప్రేమే ఉంది, కానీ అక్కగారి చెవికి అది "నీకు చేతకాదు" అని వినిపిస్తుంది. అమ్మగారిని తిట్టి లాభం లేదు, ఆవిడకీ ఒక పని అప్పజెప్పాలి. నోటుబుక్కు ఆవిడ చేతికివ్వండి. పనికి ముందు అంకె, తర్వాత అంకె ఆవిడే అడిగి రాస్తారు. అంకె తగ్గడం తన చేత్తో రాసినావిడ చంపుతావా అని అరవరు. ఇంట్లో అందరికీ ఒకటే నియమం: "నొప్పి ఎలా ఉంది?" అని రోజుకి ఒక్కసారి మించి అడక్కూడదు. "ఇవాళ ఏం చేశావు?" అని ఎన్నిసార్లయినా అడగొచ్చు. ముఖం చిట్లించినప్పుడు పరిగెత్తుకెళ్ళి, బకెట్టు మోసినప్పుడు పట్టించుకోకపోతే ఇల్లంతా నొప్పికే కాపలా కాసినట్టవుతుంది.

"నొప్పి మనసులోనే ఉంది" అని మాత్రం ఎవరూ అనకుండా చూడండి. నటిస్తోందన్నట్టే వినిపిస్తుంది. నొప్పి నిజమే, హాని లేదు. చెప్పాల్సిన మాట అదే, ఏ ముక్కా వదలకుండా.

---

ఏలూరు_తమ్ముడు:

నోటుబుక్కు అమ్మకిచ్చాను. ఇంకో రెండు ప్రశ్నలు. రాత్రి నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ 75 మాత్ర వేసుకుంటోంది, భయం తగ్గుతోంది కదా అని అదీ ఆపేస్తానంటోంది. రెండోది స్కూటీ. స్పీడ్ బ్రేకర్ వస్తే డిస్కు జారిపోతుందని ఒకటే నమ్మకం.

---

మనసు_మాట_వైజాగ్:

ప్రీగాబలిన్ సొంతంగా ఆపొద్దు. ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టకపోవడం, చెమటలు, ఆందోళన, వికారం రావచ్చు. వాటిని చూసి పనులు చేయడం వల్లే ఒంట్లో బాగోలేదనుకుంటే ఇన్నాళ్ళు తగ్గించిన అంకెలన్నీ మళ్ళీ పైకి పోతాయి. రాసిన డాక్టరునే అడిగి ఆయన చెప్పినట్టు తగ్గించాలి. స్కూటీ లాంటి పెద్ద మెట్టున్న వారంలో మోతాదు మార్పు పెట్టుకోవద్దు, ఏది దేనివల్లో తెలియకుండా పోతుంది.

స్కూటీకి వాక్యం అక్కగారే చెప్పేశారు: "స్పీడ్ బ్రేకర్ ఎక్కితే డిస్కు జారి కాలు చచ్చుబడుతుంది." తేలిపోయే వాక్యమే, కాలు చచ్చుబడిందో లేదో దిగి మడమల మీద పది అడుగులు నడిస్తే తెలుస్తుంది. ముందు ఆగి ఉన్న స్కూటీ మీద ఎక్కి కూర్చుని దిగడం. తర్వాత మీ వీధిలోనే 10–15 కిలోమీటర్ల వేగంతో ఒక చుట్టు. తర్వాత ఒక్క స్పీడ్ బ్రేకర్, నెమ్మదిగా, మీరు ముందే చెప్పి. తర్వాత అదే, చెప్పకుండా. బ్రేకర్ దగ్గర లేచి నిలబడటం, ఊపిరి బిగబట్టడం, మీ భుజం గట్టిగా పట్టుకోవడం, ఇవన్నీ ఇక్కడి బెల్టులు. సీటు మీద బరువు వదిలేసి కూర్చోమనండి, మాట్లాడుతూ ఉండండి. మాట ఆగిందంటే ఊపిరి బిగబట్టినట్టే.

పక్కకి కూర్చుంటారా, రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చుంటారా అన్నది కూడా రాసుకోండి. చీర కట్టుకుని పక్కకి కూర్చుంటే నడుం ఒక పక్కకి తిరిగి ఉంటుంది, చాలామందికి అది విడిగా ఇంకో మెట్టు. హెల్మెట్ ఇద్దరికీ తప్పనిసరి, అది కాపుదలల జాబితాలోకి రాదు.

---

లెక్కలడిగేటోడు:

స్పీడ్ బ్రేకర్ మంచిది చూసుకోన్రి అన్నా. మా దిక్కు కొన్ని ఉంటయి, ఏ నొప్పి లేనోనికి సుత వచ్చేటట్టు.